ఎగువనూ దిగువనూ కలిపే పని: పరీవాహక స్థాయి ఉమ్మడి పరిరక్షణకు సమగ్ర మార్గదర్శి

కొండ మీద అడవి నరికితే దాని ఫలితం కొండ మీద కన్నా కిందనే ఎక్కువగా కనిపిస్తుంది. వాన కురిసిన కొన్ని గంటల్లోనే వాగు ఎర్రబారి ఉప్పొంగుతుంది, కొట్టుకొచ్చిన మట్టి జలాశయంలో పూడికగా చేరుతుంది, వేసవి దాకా నిలవవలసిన మడుగులు ముందే ఎండిపోతాయి, చేపలు గుడ్లు పెట్టే గులకరాళ్ల మధ్య బురద పేరుకుపోతుంది. నరికినవారికీ నష్టపోయినవారికీ మధ్య కొన్నిసార్లు వందల కిలోమీటర్ల దూరం ఉంటుంది. ఒకరి ఊరి పేరు మరొకరికి తెలియకపోవచ్చు. ఒక అభయారణ్యానికి కంచె వేసినా, ఒక చెరువుకు పూడిక తీసినా ఈ దూరం తగ్గదు. అందుకే నది పుట్టిన చోటి నుంచి అది కలిసే చోటి వరకు ఉన్న నేలను, నీటిని, జీవజాతులను, వాటి మీద ఆధారపడిన మనుషులను ఒకే పరిధిలోకి తెచ్చి చూసే పద్ధతి రూపుదిద్దుకుంది.

ఈ పద్ధతిలో పటాలు, కొలతలు, మొక్కలు, కట్టలు అన్నీ అవసరమే. అయితే వాటన్నిటికీ నడుమ ఒక బేరం ఉంటుంది: ఖర్చు, కష్టం, త్యాగం ఎక్కువగా ఎగువవారి వంతు అవుతాయి, లాభం ఎక్కువగా దిగువవారికి చేరుతుంది. ఈ అసమానతను ఇరుపక్షాలూ న్యాయమని ఒప్పుకొనే విధంగా సరిదిద్దగలిగితే మిగిలిన పని చాలావరకు సాంకేతికం. సరిదిద్దలేకపోతే ఎంత మంచి సాంకేతికత అయినా నిధులు ఆగిన మరుసటి ఏడాది చెదిరిపోతుంది. కింది దశలను ఈ దృష్టితోనే వరుసగా అమర్చాను. ఆచరణలో మూడో దశకు వెళ్లాక మొదటి దశకు తిరిగి రావలసి రావడం మామూలే.

మొదటి దశ: హద్దు గీయడం

పరీవాహక ప్రాంతపు హద్దు గీయడానికి ముందుగా ఒక నిర్గమ స్థానాన్ని, అంటే ఆ నేల మీది నీరంతా చేరి బయటకు పోయే చోటును, ఎంచుకోవాలి. అది ఒక ఆనకట్ట కావచ్చు, రెండు ఏరులు కలిసే చోటు కావచ్చు, ఒక పట్టణం నీరు తోడుకొనే స్థలం కావచ్చు. ఆ బిందువుకు చేరే నీరంతా ఎక్కడెక్కడ పడిన వాన నుంచి వస్తుందో ఆ నేలంతా దాని పరీవాహకం. 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో సేకరించిన ఎస్‌ఆర్‌టీఎమ్ ఎత్తుల సమాచారం సుమారు 30 మీటర్ల గడులుగా ఉచితంగా దొరుకుతుంది. క్యూజీఐఎస్ వంటి, పటాలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దాన్ని వేసి నీటి విభజన రేఖను గీయడం కొద్దిపాటి శిక్షణతో ఎవరికైనా సాధ్యమే. అయితే చదును నేలల్లో ఈ రేఖను నమ్మి ఊరుకోకూడదు. కాలువగట్లు, రోడ్లు, రైలు కట్టలు నీటిని సహజమైన వాలుకు అడ్డంగా మళ్లిస్తాయి. అంత సన్నని కట్టడాలు 30 మీటర్ల గడిలో సరిగా కనబడవు. కాబట్టి వానాకాలంలో ఒకసారి, స్థానికులను వెంటబెట్టుకొని, హద్దు వెంబడి నడిచి నీరు నిజంగా ఎటు పోతోందో చూడాలి. భూగర్భజలం హద్దు ఉపరితలపు హద్దుతో ఏకీభవించకపోవచ్చని, ముఖ్యంగా సున్నపురాయి నేలల్లో ఈ తేడా పెద్దదని గుర్తుంచుకోవాలి.

జంతువులు నీటి విభజన రేఖను పట్టించుకోవు. ఒక ఏనుగుల గుంపు, వలస వెళ్లే జింకల మంద, కొండ శిఖరం దాటి రెండు పరీవాహకాల్లోనూ తిరుగుతాయి. అందువల్ల నీటి హద్దు ఒకటి, ముఖ్య జాతుల సంచార హద్దు మరొకటి విడివిడిగా గీసి, ఒకదానిపై ఒకటి వేసి చూడాలి. రెండూ కలిసిన చోట పని సాంద్రంగా జరగాలి. నీటి హద్దు బయటకు పొడుచుకువచ్చిన సంచార మార్గాలను అనుబంధ పట్టీలుగా చేర్చుకోవాలి.

ఇక పరిధి ఎంత ఉండాలన్నది. డాన్యూబ్ నదీ పరీవాహకం సుమారు 8 లక్షల చదరపు కిలోమీటర్ల మేర 19 దేశాల్లో విస్తరించి ఉంది. దాని రక్షణ ఒడంబడిక మీద 1994లో సోఫియా నగరంలో సంతకాలు జరిగాయి. అంతటి స్థాయిలో విధానాలు, ప్రమాణాలు, హెచ్చరిక వ్యవస్థలు కుదురుతాయి కానీ ఫలానా వాగు ఒడ్డున మేత ఆపాలా వద్దా అన్నది తేలదు. కొన్ని వందల హెక్టార్ల చిన్న పరీవాహకంలో అది తేలుతుంది కానీ నదికి పట్టిన జబ్బు అక్కడ నయం కాదు. ఈ రెండు అంచెలనూ ఒకదానిలో మరొకటి ఇమిడేలా ఏర్పాటు చేసుకోవడమే ఉత్తమం. మొదటిసారి ప్రయత్నిస్తున్నవారికి నేనిచ్చే సలహా ఇది: ఒక నష్టానికి కారకులు, ఆ నష్టాన్ని అనుభవిస్తున్నవారు ఇద్దరూ లోపల ఉండే అతి చిన్న పరీవాహకాన్ని ఎంచుకోండి. కారకులు బయట ఉండిపోతే బేరమాడటానికి ఎదుట మనిషే ఉండడు.

రెండో దశ: మనుషులను వెతకడం, వినడం

భూమి పట్టా ఉన్నవారి జాబితా రెవెన్యూ రికార్డుల్లో దొరుకుతుంది. పట్టా లేని కౌలుదారులు, ఏడాదిలో కొన్ని నెలలే వచ్చే పశువుల కాపరులు, వాగులో చేపలు పట్టేవారు, అడవి ఫలసాయం మీద బతికేవారు, రోజూ ఊట దగ్గరకు నీటికి వెళ్లే స్త్రీలు ఆ జాబితాలో ఉండరు. పరిరక్షణ పేరుతో తొలి దెబ్బ తినేది తరచుగా వీరే. వీరితో పాటు తాగునీటి సంస్థ, జలవిద్యుత్ కేంద్రం, రోడ్ల విభాగం, గనులు, పరిశ్రమలు, అటవీ, సాగునీటి శాఖలు, దిగువ పట్టణం, అన్నిటి పేర్లూ రాసుకోవాలి. ప్రతి పేరు పక్కన మూడు సంగతులు ఉండాలి: వారు ఈ నేలను, నీటిని ఎలా వాడుతున్నారు, తమ కాలంలో ఏ మార్పు చూశారు, ఏది పోతుందని భయపడుతున్నారు. మూడో ప్రశ్నకు జవాబు రాబట్టడానికి ఒక్క సమావేశం చాలదు. వారి చోటికి, వారికి తీరిక ఉన్న వేళ, ఒకటికి నాలుగుసార్లు వెళ్లాలి.

రంగులు వేసి, ‘ప్రతిపాదిత రక్షిత ప్రాంతం’ అని రాసిన పటాన్ని తొలి సమావేశానికి తీసుకువెళ్లకండి. ఆ పటం మీద తమ పొలం కనబడిన మరుక్షణం వినికిడి ఆగిపోతుంది. న్యూయార్క్ నగరం 1990లో తనకు తాగునీరిచ్చే క్యాట్‌స్కిల్ కొండల ప్రాంతానికి కఠినమైన భూవినియోగ నిబంధనల ముసాయిదాను ప్రకటించినప్పుడు జరిగింది అదే. ఎగువ పట్టణాలు, రైతులు సంఘటితమై ఎదురుతిరిగారు. నిబంధనలను పక్కనబెట్టి, మొదట రైతులతో, తర్వాత పట్టణాలతో కూర్చున్న మీదటే దారి దొరికింది. ఆ ఒప్పందం గురించి ఐదో దశలో చెబుతాను.

సమావేశాలను ఎవరు పిలవాలన్నది చిన్న విషయం కాదు. నిధులిచ్చే సంస్థ పిలిస్తే ప్రజలు నిధుల కోసం వస్తారు, ప్రభుత్వ శాఖ పిలిస్తే ఫిర్యాదులతో వస్తారు. ఇరుపక్షాలకూ ఆమోదయోగ్యమైన, భూమి మీద తనకంటూ ప్రయోజనం లేని ఒక మధ్యస్థ బృందం పిలిచినప్పుడు మాట సవ్యంగా మొదలవుతుంది. అమెరికాలోని మోంటానాలో 1993లో ఏర్పడిన బ్లాక్‌ఫుట్ ఛాలెంజ్ అనే భూయజమానుల వేదిక పాటించే నియమం అందరికీ పనికొస్తుంది: అందరూ అంగీకరించగల ఎనభై శాతం విషయాల మీద ముందు పనిచేయాలి, విభేదాలున్న ఇరవై శాతాన్ని నమ్మకం కుదిరేదాకా పక్కన పెట్టాలి. ఆ ఇరవై శాతంలోనే అసలు సమస్య ఉందని కొందరు పర్యావరణవాదులు అసహనపడతారు. వారి మాటలో నిజం లేకపోలేదు. కానీ కలుపు మొక్కల తొలగింపులో, వాగు ఒడ్డు మరమ్మతులో రెండేళ్లు కలిసి పనిచేసినవారు నీటి వాటాల గురించి మాట్లాడుకొనే తీరు వేరుగా ఉంటుంది.

మూడో దశ: దేన్ని కాపాడాలి, అది ఎందుకు చెడింది

అన్నిటినీ కాపాడతామన్న ప్రణాళిక దేన్నీ కాపాడదు. ఐదారు లక్ష్యాలు చాలు: రెండు మూడు రకాల ఆవాసాలు, ఒకటి రెండు జాతులు, ఒక నీటి ప్రవాహ లక్షణం. ఎంచుకొన్న జాతి బాగుంటే దాని వెనుక మొత్తం వ్యవస్థ బాగున్నట్టు తెలియాలి. రైన్ నది కథ ఇందుకు నిదర్శనం. 1986 నవంబరు 1న స్విట్జర్లాండ్‌లోని బాసెల్ సమీపంలో సాండోజ్ కంపెనీ రసాయనాల గోదాము తగలబడి, మంటలార్పిన నీటితో పాటు పురుగుమందులు నదిలో కలిశాయి. నది ఎర్రబారింది, వందల కిలోమీటర్ల మేర ఈల్ చేపలు చచ్చిపోయాయి. మరుసటి ఏడాది రైన్ దేశాలు ఒక కార్యాచరణ కార్యక్రమాన్ని ఆమోదించి, 2000 నాటికి సాల్మన్ చేప నదికి తిరిగి రావాలన్న లక్ష్యాన్ని పెట్టుకొన్నాయి. సాల్మన్ బతకాలంటే నీరు శుభ్రంగా ఉండాలి, ఆనకట్టల దగ్గర చేపలెక్కే మార్గాలుండాలి, ఎగువ ఉపనదుల్లో గుడ్లు పెట్టే గులక నేలలుండాలి. ఒక్క చేప పేరుతో మురుగునీటి శుద్ధి, ఆనకట్టల మార్పు, వాగుల పునరుద్ధరణ మూడూ ఒకే మాటలో ఇమిడాయి. సామాన్యుడికి అర్థమయ్యే లక్ష్యం అంటే అదే.

లక్ష్యాలు ఎంచుకొన్నాక ప్రతిదాని వెనుక కారణాల గొలుసును కనీసం మూడు మెట్ల లోతుకు తవ్వాలి. వాగులో బురద ఎక్కువైంది. ఎందుకు? ఎగువ వాలు మీద దున్నకం పెరిగింది. ఎందుకు? పల్లపు భూముల్లో బోర్లు ఎండి, కుటుంబాలు వాలు నేలలకు ఎక్కాయి. అప్పుడు వాలు మీద రాతికట్టలు వేయడం మొదటి మెట్టుకు మాత్రమే జవాబు అవుతుంది. భూగర్భజలం సంగతి తేల్చకుండా వేసిన కట్టలను ఏదో ఒకరోజు నాగలి దాటుతుంది.

ఈ దశలోనే నీటి లెక్క వేయాలి. ఒక మిల్లీమీటరు వాన ఒక హెక్టారు మీద పడితే 10,000 లీటర్లు, ఒక చదరపు కిలోమీటరు మీద పడితే 10 లక్షల లీటర్లు. 50 చదరపు కిలోమీటర్ల పరీవాహకంలో ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన పడితే మొత్తం 4 కోట్ల ఘనపు మీటర్లు. పొడి ప్రాంతాల్లో ఇందులో సింహభాగం నేల నుంచి, మొక్కల నుంచి ఆవిరైపోతుంది. మిగిలినది కొంత ఇంకుతుంది, కొంత పారుతుంది. పారేదంతా ‘వృథా’ అన్న మాట పరీవాహక పనుల్లో తరచుగా వినబడుతుంది. ఆ మాటను అనుమానించండి. పారే నీరు దిగువన ఎవరి చెరువునో నింపుతుంది, ఒక చిత్తడి నేలను తడుపుతుంది, నదీముఖంలో ఉప్పునీటిని వెనక్కి నెడుతుంది. ఎగువన ప్రతి వాగుకూ చెక్‌డ్యామ్ కట్టి దిగువ చెరువులను ఎండబెట్టిన పని పరిరక్షణ కిందికి రాదు, అది నీటిని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తరలించడమే. అందుకని లెక్కలో దిగువ వాడకాలకు, నది బతకడానికి కావలసిన కనీస ప్రవాహానికి ఒక పద్దు తప్పక ఉండాలి.

నాలుగో దశ: పని మొదలవకముందే కొలవడం

పని మొదలుపెట్టాక కొలవడం ప్రారంభిస్తే మార్పు పని వల్ల వచ్చిందో, మంచి వాన వల్ల వచ్చిందో చెప్పలేం. కనీసం ఒక పూర్తి సంవత్సరం, వానాకాలమూ ఎండాకాలమూ రెండూ కలిసేలా, ముందస్తు కొలతలు ఉండాలి. పనిచేసే పరీవాహకం పక్కనే, దాన్ని పోలిన, ఏ పనీ చేయని మరో చిన్న పరీవాహకాన్ని పోలిక కోసం కొలవాలి. ఇది ఖరీదైన సలహాగా తోస్తుంది గానీ, పదేళ్ల తర్వాత నిధులిచ్చేవారు ‘దీని వల్ల ఏం జరిగింది’ అని అడిగినప్పుడు చూపించడానికి ఇది తప్ప మరొకటి ఉండదు.

పరికరాలు సాదాగా ఉన్నా చాలు: వర్షమాపకాలు, వాగులో నీటిమట్టం చూపే గీతల స్తంభం, ఎంపిక చేసిన బావుల్లో నెలకొకసారి లోతు. వాగు ఆరోగ్యానికి రాళ్ల కింద బతికే పురుగుల లార్వాలు మంచి సాక్ష్యం. మేఫ్లై, స్టోన్‌ఫ్లై, కాడిస్‌ఫ్లై లార్వాలు చాలావరకు కాలుష్యాన్ని తట్టుకోలేవు కాబట్టి అవి ఉన్నాయంటే నీటిలో ప్రాణవాయువు బాగుందని అర్థం. పాఠశాల పిల్లలు కూడా వీటిని లెక్కించగలరు. పైనుంచి చూడటానికి ఉపగ్రహ చిత్రాలున్నాయి. ల్యాండ్‌శాట్ చిత్రాలు 1972 నుంచి లభిస్తాయి కనుక అడవి ఎప్పుడు తగ్గింది, చెరువు ఎప్పుడు కుంచించుకుపోయింది అన్న వివాదాలను చాలావరకు అవే తీరుస్తాయి. సెంటినెల్-2 చిత్రాలు 10 మీటర్ల స్పష్టతతో కొద్దిరోజులకొకసారి వస్తాయి. రెండూ ఉచితమే.

ఐదో దశ: ఎగువ–దిగువ ఒప్పందం

ఈ దశకు మిగిలిన అన్నిటికన్నా ఎక్కువ సమయం కేటాయించాలి. ఏడాది పట్టినా తొందరపడకూడదు.

న్యూయార్క్ ఉదాహరణనే పూర్తి చేద్దాం. నగరానికి నీటిని వడకట్టే భారీ కర్మాగారం కట్టాలంటే 600 నుంచి 800 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఆపైన ఏటేటా నిర్వహణ ఖర్చు అవుతుందని అంచనా వేశారు. ఆ భారానికి బదులు అందులో కొద్ది భాగాన్ని ఎగువ కొండల మీదే ఖర్చుపెట్టాలని 1997లో నగరం, రాష్ట్రం, ఎగువ పట్టణాలు, కేంద్ర పర్యావరణ సంస్థ, పర్యావరణ సంఘాలు ఒప్పందం చేసుకొన్నాయి. అందులో గమనించవలసిన అంశాలు కొన్ని ఉన్నాయి. భూమిని నగరం కొనవచ్చు కానీ ఇష్టపడి అమ్మేవారి దగ్గరే కొనాలి, బలవంతపు సేకరణ ఉండదు. పొలాల్లో మార్పులు రైతులే నడిపే ఒక మండలి ద్వారా, స్వచ్ఛందంగా, ప్రతి పొలానికీ విడిగా తయారుచేసిన ప్రణాళిక ప్రకారం, నగరం ఖర్చుతో జరుగుతాయి. ఎగువ పట్టణాల మురుగునీటి శుద్ధికి, ఆర్థికాభివృద్ధికి కూడా నగరం సొమ్మిస్తుంది. దిగువవారు తమకు కావలసింది కొనుక్కొన్నారు, ఎగువవారు తమ మర్యాదను నిలుపుకొన్నారు. రెండోది లేకుండా మొదటిది జరిగేది కాదని నా అభిప్రాయం.

సంపన్న నగరం లేని చోట ఏం చేయాలి? చండీగఢ్ పక్కన ఉన్న సుఖోమాజ్రీ గ్రామం దానికి జవాబు చెప్పింది. నగరంలోని సుఖ్నా సరస్సు పూడిపోతుండటంతో కారణం వెతుకుతూ 1970లలో భూసంరక్షణ శాస్త్రవేత్త పి.ఆర్. మిశ్రా బృందం ఎగువ కొండలకు చేరింది. కొండలను గొడ్లు, మేకలు మేసి బోడి చేశాయి. మేత ఆపమంటే ప్రజలు ఆపలేదు, ఆపడానికి వారికేమీ కారణం లేదు. గ్రామంలో ఒక మట్టికట్ట కట్టి వాననీటిని నిల్వచేసి పొలాలకు మళ్లించాక పరిస్థితి మారింది. కొండ మీద మేపితే తమ కట్టే పూడిపోతుంది కాబట్టి గ్రామస్థులే మేతను నియంత్రించుకొన్నారు. అంతకన్నా ముఖ్యమైనది, నీటిలో ప్రతి కుటుంబానికీ సమాన వాటా ఇచ్చారు, భూమి లేని కుటుంబానికి కూడా. భూమి లేనివారికి మేకలే ఆధారం. వారికి నీటిలో వాటా లేకపోతే కొండ మీద మేత ఆపే అవసరం వారికెందుకుంటుంది? ముళ్లకంచె స్థానంలో సమాజమే కంచె అయింది. దిగువ సరస్సు దానికి లాభపడింది.

ఇక ఒప్పందంలో ఏముండాలో చూద్దాం. ఎవరు ఏ స్థలంలో ఏం చేస్తారు, ఏం మానుకుంటారు అన్నది సర్వే నంబరుతో సహా రాయాలి. ప్రతిగా వారికేం ముడుతుంది, ఎప్పుడు, డబ్బుగానా, మేతగానా, నీటి హామీగానా అన్నది ఉండాలి. డబ్బు ఒక్కటే మార్గం కాదు. అరిజోనా, న్యూమెక్సికో సరిహద్దులో 1994లో పశుపోషకులు స్థాపించిన మాల్పాయ్ బార్డర్‌ల్యాండ్స్ గ్రూప్ ‘గడ్డి బ్యాంకు’ అనే ఏర్పాటు చేసింది. కరవులో ఒక రైతు పశువులకు మరో పెద్ద పొలంలో మేత దొరుకుతుంది, అందుకు బదులుగా అతను తన భూమిని ఎన్నటికీ ప్లాట్లుగా విడగొట్టి అమ్మనని చట్టబద్ధంగా రాసిస్తాడు. పచ్చికబయలు ముక్కలు కాకుండా మిగులుతుంది, రైతు కరవు గట్టెక్కుతాడు.

ఉల్లంఘన జరిగితే ఏమిటన్నది ముందే రాసుకోవాలి. ఉమ్మడి వనరుల మీద చేసిన పరిశోధనకు 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ పురస్కారం అందుకొన్న ఎలినార్ ఆస్ట్రమ్, దీర్ఘకాలం నిలిచిన వ్యవస్థల్లో కొన్ని లక్షణాలు పదేపదే కనబడతాయని చూపారు: స్పష్టమైన హద్దులు, నియమాలు చేయడంలో వాడేవారికే పాత్ర, వాడేవారికి జవాబుదారీగా ఉండే పర్యవేక్షకులు, తొలి తప్పుకు చిన్న శిక్షతో మొదలై క్రమంగా పెరిగే జరిమానాలు, తక్కువ ఖర్చుతో తగవు తీర్చే వేదిక, పెద్ద వ్యవస్థలో చిన్న వ్యవస్థ ఇమిడి ఉండటం. రాజస్థాన్‌లోని అల్వర్ జిల్లాలో జోహడ్లు, అంటే వాననీటిని నిలిపే మట్టికట్టల కుంటలు, పునరుద్ధరించి అర్వరీ నదికి మళ్లీ ప్రవాహం తెచ్చుకొన్న గ్రామాలు 1990ల చివర ‘అర్వరీ సంసద్’ పేరుతో నదీ పార్లమెంటు ఏర్పరచుకొని, నీరు ఎక్కువ తాగే చెరకు వంటి పంటలను తామే నిషేధించుకొన్నాయి. నీరు తిరిగి రావడంతో కథ ముగియదని, వచ్చిన నీటిని పంచుకోవడంతోనే అసలు కష్టం మొదలవుతుందని ఆ గ్రామాలు గ్రహించాయి. పునరుద్ధరణ ప్రణాళికలు రాసే చాలామంది ఈ రెండో భాగాన్ని మరచిపోతారు.

ఆరో దశ: నేల మీద పని

క్రమం చాలా ముఖ్యం. ఇంకా చెడని చోటును కాపాడటం చెడిన చోటును బాగుచేయడం కన్నా ఎన్నో రెట్లు చౌక కనుక, మిగిలిన సహజ అడవులు, ఊటలు, చిత్తడి నేలలు, పచ్చికబయళ్లకు తొలి రక్షణ కల్పించాలి. ఆ తర్వాత గట్టు నుంచి పల్లానికి దిగుతూ పనిచేయాలి. పైన నేల కోత ఆపకుండా కింద కట్టిన కట్ట మొదటి పెద్ద వానలకే పూడిపోతుంది. పైవాలు మీద సమోన్నత కందకాలు (ఒకే ఎత్తు వెంబడి, వాలుకు అడ్డంగా తవ్వేవి), రాతి వరుసలు, గడ్డి పట్టీలు. మధ్య వాలు మీద పొలం గట్లు, చిన్న వాగులకు రాళ్ల అడ్డుకట్టలు. కింద ఊటకుంటలు, వరద మైదానం పునరుద్ధరణ, ఈ వరుసలో జరగాలి.

మొక్కల గురించి ఒక గట్టి హెచ్చరిక చేయక తప్పదు. చెట్లు పెడితే నీళ్లు వస్తాయన్న నమ్మకం బలమైనది, పాక్షికంగానే నిజం. సహజ అడవి నేలను పట్టి ఉంచి వాననీటిని ఇంకనిస్తుంది, నిజమే. కానీ చెట్లు నీటిని తాగుతాయి కూడా. పచ్చికబయలుగా ఉండవలసిన చోట వేగంగా పెరిగే చెట్లు నాటితే వాగుల్లో ప్రవాహం తగ్గుతుంది. దక్షిణాఫ్రికా 1995లో మొదలుపెట్టిన ‘వర్కింగ్ ఫర్ వాటర్’ కార్యక్రమం ఇందుకు తలకిందులైన పని చేసింది: పరాయి దేశాల నుంచి వచ్చి పరీవాహకాలను ఆక్రమించిన తుమ్మజాతి, పైన్ చెట్లను నరికించి నదులకు నీటిని తిరిగి ఇచ్చేందుకు వేలాదిమంది నిరుపేదలకు ఉపాధి కల్పించింది. చైనాలో లోయెస్ అనే మెత్తటి మట్టి పరుచుకొన్న పీఠభూమి మీద విస్తారంగా పచ్చదనం పెంచిన కార్యక్రమం నేల కోతను బాగా తగ్గించింది, అయితే ఆ మొక్కల పెంపకం అక్కడి నీటి వనరుల పరిమితికి చేరువవుతోందని 2016లో ఒక అధ్యయనం హెచ్చరించింది. కాబట్టి ఏ చోట ఏ వృక్షజాలం సహజమో తెలుసుకోకుండా ‘ఇన్ని లక్షల మొక్కలు’ అన్న లక్ష్యానికి ఒప్పుకోకండి.

వాగు ఒడ్డు ప్రత్యేక శ్రద్ధ కోరుతుంది. అక్కడి చెట్ల వరుస నీడనిచ్చి నీటిని చల్లబరుస్తుంది, పొలాల నుంచి వచ్చే మట్టిని, ఎరువుల అవశేషాలను వడకడుతుంది, చిన్న జంతువులకు బాటగా మారుతుంది. ఎంత వెడల్పు అన్నది వాలును, నేలను, ఉద్దేశాన్ని బట్టి మారుతుంది. అన్ని చోట్లా ఒకే కొలత రుద్దడం కన్నా, పశువులు నీటికి దిగే చోట్లను తక్కువ చేసి, తొట్లను ఒడ్డుకు దూరంగా పెట్టడం తరచుగా ఎక్కువ ఫలితమిస్తుంది.

ఆవాసాల మధ్య బాటలు కలపడం చివరి అంశం, అయినా చిన్నది కాదు. అంతా బాగున్నా మధ్యలో ఒక రహదారి చాలు జంతువులను విడదీయడానికి. కెనడాలోని బాన్ఫ్ జాతీయ వనంలో రహదారికి కంచె వేసి, దాని మీదుగా, కిందుగా జంతువుల కోసం దాదాపు 44 దారులు కట్టాక వాహనాలు ఢీకొని చనిపోయే జంతువుల సంఖ్య 80 శాతానికి పైగా తగ్గింది. అంత ఖర్చు అందరికీ సాధ్యం కాదు. కానీ వాగుల మీద రోడ్డు కల్వర్టుల అడుగు నది మట్టం కన్నా ఎత్తుగా ఉంటే చేపలు పైకి ఎక్కలేవు. రోడ్డు మరమ్మతు జరిగేటప్పుడే ఆ కల్వర్టును నది అడుగు మట్టానికి దించి కట్టమని కోరడం దాదాపు ఖర్చులేని పని. రెండో దశలోనే రోడ్ల విభాగం పేరు కూడా రాసుకోవాలని చెప్పడం ఇందుకే.

ఏడో దశ: డబ్బు

ప్రాజెక్టు నిధి మూడు నుంచి ఐదేళ్లలో ముగుస్తుంది. నది బాగుపడటానికి అంతకన్నా చాలా ఎక్కువ కాలం పడుతుంది. ఈ ఖాళీని పూరించడానికి దిగువ వినియోగం మీద ఆధారపడిన స్థిర ఆదాయం కావాలి. ఈక్వడార్ రాజధాని క్విటోలో 2000లో ఏర్పడిన నీటి నిధికి నగర నీటి సంస్థ తన అమ్మకాల ఆదాయంలో 2 శాతం చెల్లిస్తుంది. ఆ మొత్తాన్ని మూలధనంగా ఉంచి, దాని రాబడితో నీరు పుట్టే ఎత్తైన పచ్చికబయళ్లను కాపాడతారు. పెద్ద గ్రాంటు వస్తే ఖర్చుపెట్టే ఉత్సాహం సహజం, అందులో కొంత భాగాన్ని మూలధనంగా పక్కన పెట్టమని తొలిరోజే తీర్మానించుకోవాలి. మరమ్మతులకు విడిగా పద్దు ఉండాలి, ఎందుకంటే కొత్త కట్ట కట్టడానికి దాతలు దొరుకుతారు గానీ పాత కట్ట పూడిక తీయడానికి దొరకరు.

ఎనిమిదో దశ: చూసుకొంటూ మార్చుకోవడం

కొలతలు సేకరించి అల్మరాలో పెట్టడం పర్యవేక్షణ కాదు. ఏ అంకె ఎంతకు చేరితే ఏ నిర్ణయం మారుతుందో ముందే రాసుకోవాలి. ఉదాహరణకు, ఎంపికచేసిన బావుల సగటు మట్టం వరుసగా రెండేళ్లు వానాకాలం తర్వాత కూడా కోలుకోకపోతే కొత్త బోర్లకు ఆ ఏడాది అనుమతి ఉండదని ఒప్పందంలోనే ఉంటే, ఆ పరిస్థితి వచ్చినప్పుడు ఎవరూ ఎవరినీ నిందించవలసిన పని ఉండదు. అంకెలన్నీ ఊరి గోడ మీద, అందరికీ కనబడే చోట ఉండాలి. రహస్యమైన అంకెను ఎవరూ నమ్మరు.

ఆలస్యాన్ని ముందే చెప్పి ఉంచాలి. పొలాల్లో ఎరువులు తగ్గించినా భూగర్భజలంలో చేరిన నైట్రేటు ప్రవాహంలోకి వచ్చి తగ్గడానికి ఏళ్లు, కొన్ని చోట్ల దశాబ్దాలు పడుతుంది. వాగు ఒడ్డు చెట్లు నీడనివ్వడానికి చాలా ఏళ్లు కావాలి. దీన్ని దాచి మూడేళ్లలో ఫలితాలు చూపిస్తామని హామీ ఇచ్చిన సంస్థలు నాలుగో ఏడాది ప్రజల ముందు తలెత్తుకోలేవు. ఆలోగా చూపించడానికి త్వరగా కనబడే మార్పులు కొన్ని ఎంచుకోవాలి: బురద తగ్గడం, కోత ఆగిన గండ్లు, కొన్ని ఊటలు రెండు నెలలు ఎక్కువ నిలవడం.

తొమ్మిదో దశ: మనుషులు మారినా నిలిచేలా

ఇటువంటి ప్రయత్నాల్లో అధికభాగం ఒకరిద్దరి పట్టుదల మీద నడుస్తాయి. ఆ అధికారి బదిలీ అయిన నాడు, ఆ నాయకుడు అలసిన నాడు ఆగిపోతాయి. దీనికి విరుగుడు, సమన్వయ మండలిలో ప్రతి స్థానానికీ ఒక ప్రత్యామ్నాయ సభ్యుణ్ణి ముందే నియమించడం, నిర్ణయాల కారణాలను కూడా మినిట్స్‌లో రాయడం, ప్రభుత్వ శాఖల పాత్రను అధికారి పేరుతో కాక ఉత్తర్వు రూపంలో నమోదు చేయించడం. ఒక వేతన సమన్వయకర్త తప్పనిసరి. స్వచ్ఛంద సేవ మీద ఏడాదికి పన్నెండు సమావేశాలు, ఇరవై ఊళ్ల పర్యటనలు నడవవు.

ఓట్లతో నిర్ణయాలు చేయడం ఇక్కడ ప్రమాదకరం. దిగువ జనాభా సాధారణంగా ఎక్కువ కాబట్టి ఎగువవారు ప్రతిసారీ ఓడిపోతారు. ఏకాభిప్రాయం కోసం ప్రయత్నించి, అది కుదరనప్పుడు ఎగువ, దిగువ రెండు సమూహాల్లోనూ విడివిడిగా మెజారిటీ రావాలన్న నియమం పెట్టుకోవడం మేలు. పశువుల కాపరులు, మత్స్యకారులు వంటి చిన్న సమూహాలకు తమ జీవనాధారాన్ని నేరుగా తాకే అంశాల మీద నిర్ణయాన్ని నిలిపివేసే హక్కు ఉండాలి. ఇది పనిని నెమ్మదింపజేస్తుందన్న ఆక్షేపణ వస్తుంది. నెమ్మదిస్తుంది కూడా. ఆ ఆలస్యాన్ని ప్రణాళికలోనే లెక్కవేసుకోవాలి.

ప్రతి ఐదేళ్లకొకసారి ఒప్పందాన్ని, హద్దును రెండింటినీ సమీక్షించాలి. వాన తీరు మారి ఉండవచ్చు, కొత్త రహదారి వచ్చి ఉండవచ్చు, ఒక పట్టణం పెరిగి దిగువ వాటా అడుగుతూ ఉండవచ్చు. పక్క ఉపనది గ్రామాలు చేరతామని ముందుకు వస్తే వారిని ఉన్న మండలిలో కలపకండి. వారిని తమ సొంత మండలి ఏర్పాటు చేసుకోమని చెప్పి, రెండిటికీ ఉమ్మడిగా ఉన్న విషయాలకు మాత్రం, అంటే నదిలో కనీస ప్రవాహానికి, జంతువుల బాటకు, వరద హెచ్చరికకు, ఒక సంయుక్త సంఘాన్ని పెట్టండి. ఆ సంఘానికి తొలి ఏడాది అప్పగించవలసిన పని ఒక్కటే: రెండు పరీవాహకాల కొలతలూ ఒకే పద్ధతిలో, ఒకే తేదీల్లో జరిగేలా చూడటం.